మెడ వెనక ముడి

మ్యూజియంలో నగల గదికి పోతే అందరూ అద్దం ముందు గుమికూడతారు. మజీదా మాత్రం పక్కకు జరిగి, గాజుపెట్టెకూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులో తల దూర్చేది. నెత్తి మీది దుపట్టా జారిపోయేది. మునివేళ్ల మీద లేచి మెడ చాచేది. అయినా నల్ల మఖమల్ గుడ్డ తప్ప ఏమీ కనిపించేది కాదు.

"ముందర ఇంత మంచిగ పెట్టిండ్రు కద, గా సందుల ఏం చూస్తున్నవమ్మా?" అని కాపలా ఆయన వచ్చాడు.

"వెనక చూడాలె భయ్యా. జర తిప్పి పెడ్తరా?"

"తిప్పుడేంది? నెక్లెస్ అనుకున్నవా, దోశ అనుకున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక ఆమె నాకంటే పది అడుగులు ముందే నడిచి బస్సు ఎక్కింది.

మజీదా నా భార్య. మెదక్‌లో మా ఇంటి ముందుగదిలో పట్వా పని చేసేది. కంసాలి బంగారు గుండ్లు చేసి ఇచ్చినంత మాత్రాన దండ కాదు. వాటిని పట్టుదారంతో గుచ్చాలి, మెడ వెనక కట్టుకోవడానికి డోరీ అనే తాడు అల్లాలి. డోరీ రెండు కొసలూ దారంతో చుట్టిన రేగుపండంత ముడిలోంచి పోతాయి. దాన్ని ఘుండీ అంటారు. పైకి తోస్తే దండ మెడకు దగ్గరవుతుంది, కిందికి లాగితే వదులవుతుంది. బజారులో కట్టిన ఘుండీ ఆరు నెలలకే పట్టు తప్పి జారుతుంది. మజీదా కట్టినది ఏడాదిన్నర ఆగేది. ఆమె తల్లి ఉమ్మె హాని కట్టినది దారం చీకిపోయేదాకా జారేది కాదు.

ఆ ముడి మజీదాకు రాలేదు. తల్లి కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, ఒక కొస పళ్లతో పట్టి, రెప్పపాటులో కట్టేసేది. "ఇరవై ఏండ్లు అమ్మీ ఎదురుంగ కూసున్న. ఎదురుంగ కూసుంటే చేతులు కనబడ్తయి గని, చేతుల వెనక ఏమైతుందో కనబడదు" అనేది. ఎప్పుడైనా అడగొచ్చు కదా అనుకుంది. ఒకరోజు పక్షవాతం వచ్చి తల్లికి కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. ఎడమచేత్తో గాలిలో ఏదో చుట్టి చూపించబోయేది. కూతురికి అర్థం కాకపోతే చెయ్యి మంచానికేసి కొట్టుకునేది. ఆర్నెల్లకు ఆమె వెళ్లిపోయింది.

పాత నగలకు పాత డోరీలు ఉంటాయి, ఆ కాలం పట్వాల ముడి వాటిలో ఎక్కడో ఉండే ఉంటుంది. మజీదా లెక్క అది. నేను తెలుగు పంతులును. రెండో శనివారం బడికి సెలవు. ఆ సెలవులన్నీ మ్యూజియాలకే పోయాయి. పొద్దున్నే రొట్టెలు, వంకాయ కూర గిన్నెలో పెట్టుకుని హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లం. ప్రతి చోటా ఇదే తంతు. నగ ముందువైపే కనిపిస్తుంది. పక్కన చీటీ మీద బంగారం, ముత్యాలు, పచ్చలు అని రాసి ఉంటుంది.

"దారం అని ఒక్కడన్న రాసిండా మాస్టర్ సాబ్?" అని నన్ను నిలదీసేది, ఆ చీటీలన్నీ నేనే రాసినట్టు. "దారం లేకుంటే ఇవన్నీ నేల మీద ఏరుకునేటోళ్లు."

ఒకసారి సంచిలో చేతి అద్దం తెచ్చింది. గాజుపెట్టె పక్కన పట్టుకుని వంచి చూస్తుంటే ఒక ఉద్యోగి ఉరికివచ్చి అద్దం గుంజుకున్నాడు. నగల మీద వెలుగు కొట్టకూడదట. గేటు దగ్గర తిరిగి ఇస్తామన్నారు, ఇచ్చేటప్పటికి ఒక మూల పగిలి ఉంది. ఆమె ఆ అద్దాన్ని పారెయ్యనియ్యలేదు.

మన ఊళ్లో అయినా మన పని చూస్తారని, మెదక్‌లో కళల ప్రదర్శన పెట్టినప్పుడు మజీదా మూడు వారాలు కూర్చుని ఒక్క డోరీ అల్లింది. ఎర్ర పట్టు, నడుమ జరీ. కింద దండ లేదు. డోరీయే చూడాలని. తీసుకుపోయి డ్రాయింగ్ మాస్టర్ రాజేందర్ చేతిలో పెట్టింది. ఏర్పాట్లన్నీ అతనివే.

మర్నాడు ఫంక్షన్ హాలుకు పోయేసరికి డోరీ థర్మకోల్ అట్ట మీద గుండుసూదులతో గుచ్చి ఉంది. ఘుండీ అట్ట వెనక్కి పోయింది. ముందు ఒక గిల్టు లాకెట్ వేలాడుతోంది.

"ఇదేంది రాజేందర్?"

"ఖాళీగ ఉంటే మంచిగ కనబడ్తలేదు మజీదక్కా. బజార్ల తెచ్చి నేనే తగిలేసిన. ఎట్లుంది?"

సాయంత్రం ఆమెకు కన్సొలేషన్ బహుమతి ప్రకటించారు. సర్టిఫికెట్ మీద 'లాకెట్ డిజైన్‌కు' అని ఉంది. మజీదా దాన్ని నాలుగు మడతలు పెట్టి రాజేందర్ జేబులో కుక్కింది. "లాకెట్ చేసినోడు దొరికితే ఇయ్యి" అంది. పాపం అతనికి ఇప్పటికీ తప్పేమిటో తెలియదు. మొన్న కలిస్తే కూడా, "అక్కకు ఫస్ట్ ప్రైజ్ రాలేదని కోపమొచ్చింది సార్" అన్నాడు.

ఆ తర్వాత ఏడాది హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో పాత నగల ప్రదర్శన పెట్టారు. అక్కడ నగలను గాజుపలకల నడుమ గాలిలో వేలాడదీశారని పేపర్లో చదివి నేనే చెప్పాను. చుట్టూ తిరిగి చూడొచ్చట. మజీదా రాత్రంతా పడుకోలేదు.

లోపల ఇషిత అనే అమ్మాయి ఉంది, చూడవచ్చినవాళ్లకు వివరాలు చెప్పేది. "వెనక నుంచి చూడొచ్చా?" అని అడిగితే, "రండి ఆంటీ" అని తానే వెంట నడిచింది. అన్నేళ్లలో మజీదాను అట్లా వెనక్కి రమ్మన్నవాళ్లు లేరు. మజీదా ఏడు పేటల ముత్యాల హారం దగ్గర ఆగింది. చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. నేను ఇవతల నుంచి గాజులోంచి ఆమె ముఖం చూస్తున్నాను.

ఆ ముఖం వాడిపోయింది. నేనూ వెనక్కి పోయి చూశాను. ముత్యాలకు నైలాన్ తీగ, కొసకు స్టీలు కొక్కెం.

"దీని పాత డోరీ ఏమైంది బేటా?"

"చీకిపోయిందట ఆంటీ. బాగు చేసినప్పుడు తీసేశారు."

"తీసి ఎక్కడ పెట్టిండ్రు?"

ఇషిత ఇబ్బందిపడింది. "దారమే కదా ఆంటీ... పడేసి ఉంటారు."

బస్సులో మజీదా నర్సాపూర్ అడవి దాకా తిట్టింది. చదువుకున్న గాడిదలంది. ముత్యం దాచుకుని దారం పారేసేవాళ్లకు అద్దాల మేడలెందుకంది. అడవి మొదలైనాక కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "నేను కూడ గదే చేసిన కద" అంది.

అర్థం కాలేదు నాకు.

"అమ్మీ కట్టిన దండలు ఎన్ని వచ్చినయ్ నా దగ్గరికి, దారం మార్చమని? రాంగనే ఫస్టు ఏం చేస్త? కత్తెర తీసి పాత డోరీ కోస్త. ఊడ్చి బయట పోస్త. పదేండ్ల సంది అమ్మీ ముళ్లన్నీ ఊడ్చి పోసి, హైదరాబాద్‌కు వచ్చి గోడల పక్కకు నిలబడి తొంగి చూస్తున్న."

నిజమే. పట్వా పనిలో పాత దారం చెత్త. దాన్ని ఎవరూ చూడరు. తల్లి చేతి ముడి ఆమె చేతిలోంచే పోయింది, ఒక్కసారి కాదు.

ఆనాటి నుంచి మ్యూజియాలు మానేసింది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ "మా అమ్మీ గుచ్చిన దండ ఉందా?" అని అడిగేది. ఉన్నవన్నీ ఆమె మార్చినవే. చివరికి పాపన్నపేట నుంచి బాలనర్సమ్మ వచ్చింది. మనవరాలు యాదలక్ష్మి పెళ్లికి తన గుండ్ల దండ పెట్టాలని, పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది.

"దీని తాడు మార్చియ్యి మజీదమ్మా. మా ఆయన పోయినప్పుడు తీసి పెట్టెలేసిన, మళ్ల ముట్టుకోలే. మీ అమ్మనే గుచ్చింది."

మెడలో ఉన్న దండలన్నీ చెమటకు చీకి, కత్తెరకు పోయాయి. ఈమె ముండమోసి పక్కన పెట్టినందుకు ఈ ఒక్క డోరీ మిగిలింది. మజీదా ఘుండీని వేలితో తోసి చూసింది. కదల్లేదు.

ఇప్పితేనే తెలుస్తుంది. ఇప్పితే పోతుంది. రెండు రోజులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. పెళ్లి దగ్గర పడింది. మూడో రోజు పొద్దున, "మాస్టర్ సాబ్, ఫోన్ పట్టుండ్రి. నేను మరిచిపోతే వీడియో ఉంటది" అంది.

సూదితో ఒక్కొక్క మెలిక ఇప్పుతూ పోయింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని కదలకుండా ఫోన్ పట్టుకున్నాను. ఆఖరి మెలిక ఊడాక ఆమె గట్టిగా నవ్వింది. "గింతేనా అమ్మీ! గిట్ల వెనక నుంచి తెచ్చినవా!" అప్పుడే కొత్త డోరీకి అదే ముడి కట్టి, దండ బాలనర్సమ్మకు పంపించింది. మమ్మల్ని ఖాలా, ఖాలూ అని పిలిచే అక్క కూతురు సానియా అప్పటికే ఈ పని నేర్చుకుంటోంది. దానికి డిగ్రీ పరీక్షలు అయిపోనీ, ఈ ముడి నేర్పిస్తానంది.

మూడో నాడు మజీదాకు జ్వరం. ఇక్కడి దవాఖానా నుంచి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. పదహారో రోజు ఒక్కణ్నే తిరిగి వచ్చాను.

ఆ వీడియో రెండేళ్లు తెరవలేకపోయాను. మొన్న సానియా పట్టుబట్టింది. ఇద్దరం కూర్చుని చూశాం. పదకొండు నిమిషాలు. ఆమె ముఖం ఉంది. పెదవి కొరుక్కోవడం ఉంది. గాజులున్నాయి, వేళ్లున్నాయి. ముడి మొత్తం ఆ వేళ్ల వెనక ఉంది.

సానియా ముందుకూ వెనక్కూ జరిపి మూడుసార్లు చూసింది. "ఖాలూ, జర ఖాలా పక్కకు పోయి తియ్యకపోతివా?"

అన్నేళ్లు ఆమె వెంట తిరిగినవాణ్ని. ముందు నుంచి చూసేవాళ్లను ఆమె తిట్టిన తిట్లన్నీ విన్నవాణ్ని. ఫోన్ చేతికిస్తే ఎదురుగానే కూర్చున్నాను.

నిన్న చేగుంటకు ఫోన్ చేశాను. యాదలక్ష్మి అత్తగారిల్లు అక్కడే. దండ వేసుకుంటున్నావా, ఘుండీ జారుతోందా అని అడిగాను.

"లేదు సార్, రెండేండ్లాయె, జరంత కూడ జారలే. గని మా అత్తమ్మ గిప్పుడు డోరీలెవలు వేసుకుంటుండ్రు, తీసేసి గొలుసు, హుక్కు పెట్టిద్దాం అంటుంది. రేపు కంసాలి దగ్గరికి పోదామనుకుంటున్నం."

"రేపు వద్దు బిడ్డా" అన్నాను. గొంతు పెద్దదై ఉంటుంది, సానియా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "మీ అత్తమ్మకు ఫోనియ్యి. ఆదివారం మా సానియాను తోల్కొని వస్త, అందాక ఆగుమని నేనే చెప్త."