ఊ కొట్టే తరగతి

దబీర్‌పురా స్టేషనుకు కూతవేటు దూరంలో, ఏ నవాబుగారిదో ఒక పాత దేవిడీని అద్దెకు తీసుకుని నడిపే సర్కారు బడి అది. డెబ్బైల మొదట్లో నేను అక్కడ తెలుగు టీచరుగా చేరాను. గోడలు మహా మందం. అయినా రైలు కూత మాత్రం పాఠం మధ్యలోకి నేరుగా వచ్చేసేది. పదో తరగతికి నేను మొదట ఇచ్చిన వ్యాసం ‘నేను చేసిన ప్రయాణం’. ఆ కాగితాలు దిద్దుతుంటే నాకు ఒళ్లు మండింది. అందరూ రైలెక్కి తాతయ్య ఊరికి వెళ్లారు. అందరికీ కిటికీలోంచి పచ్చని పైర్లు కనిపించాయి, పిల్లగాలి వీచింది, చిలకలు పలకరించాయి. తరగతి మొత్తానికి ఒక్కడే తాతయ్య. బార్కస్ నుంచి సైకిలు మీద వచ్చే ఒక పిల్లవాడి పెద్దలు తరాల కిందట అరబ్బు దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. గైడు పుణ్యమా అని వాడు తన తాతగారికి కూడా ధోవతి కట్టి, తలపాగా చుట్టి, ఎడ్లబండి తోలించాడు.

రాతలో ఇలా చచ్చిపడి ఉన్న పిల్లలు మాటల్లో మాత్రం గడుగ్గాయలు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత వీళ్లను చూసే పుట్టిందేమో అనుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఆ బార్కస్ పిల్లవాడు వసారాలో కూర్చుని, బక్రీదుకు తెచ్చిన పొట్టేలు తాడు తెంపుకుని బజారు మీద పడ్డ కథ చెబుతున్నాడు. అది దర్జీ దుకాణంలో దూరి, ఎవరిదో పెళ్లి షేర్వానీ నమలసాగిందట. చుట్టూ చేరినవాళ్లు ఊ కొడుతున్నారు. పక్కవాడు డబ్బా విప్పే ధ్యాసలో పడి ఊ అనడం మరిచిపోతే, చెప్పేవాడు కథ ఆపేసి వాడి డొక్కలో పొడిచాడు.

నాకు అప్పుడే తట్టింది. మన ఇళ్లల్లో కథ చెబితే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ లేకపోతే కథ నడవదు. మరి వ్యాసానికి ఎందుకు ఉండకూడదు?

మర్నాటి నుంచి గైడు బంద్. కంటితో చూసిందే రాయాలి, ఎవరైనా నిజంగా అన్న మాట ఒక్కటైనా అందులో ఉండాలి. రాసింది పక్కవాళ్లకు చదివి వినిపించాలి. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసేవాళ్లు పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాయాలి. ఇదీ నా పద్ధతి. ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు గనుక దాని మీద నాకు మస్తు గర్వంగా ఉండేది.

మూడో రోజుకే హెడ్మాస్టరుగారు వచ్చారు. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకున్న పెద్దమనిషి, కేకలంటే గిట్టదు. గుమ్మంలో నిలబడి కాసేపు విని, “ఏందమ్మా గీ లొల్లి? క్లాసా, కబూతర్‌ఖానానా?” అన్నారు. నిజమే, కళ్లు మూసుకుని వింటే పావురాలను పెంచే మిద్దెలాగే ఉంది. వ్యాసాలు రాస్తున్నారని చెప్పాను. రాసేటప్పుడు నోటితో పనేమిటని ఆయన అనుమానం. చివరికి అర్ధ సంవత్సర పరీక్షల దాకా గడువిచ్చి, మార్కులు తగ్గితే గైడు మళ్లీ రావలసిందేనని చెప్పి వెళ్లారు.

మార్కుల ఫికర్ ఆయనకంటే ఎక్కువగా ఉన్నది ఒక ఆడపిల్లకు. కిందటేడు తెలుగులో తప్పి, రెండోసారి పదో తరగతిలో కూర్చుంది. నర్సు ట్రైనింగుకు పోవాలని ఆమె పట్టుదల. దానికి పది పాసు కావాలి. తండ్రి ఒక సర్కారు కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఈసారి తప్పితే బడి మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చోబెడతానని ముందే చెప్పేశాడు. కోపంతో కాదు, తనకు తెలిసిన దారి అదే. గైడు మాన్పించానని విని బడికి వచ్చాడు. పిల్ల బతుకుతో కొత్త ఆటలేమిటని మర్యాదగానే నిలదీశాడు. కిందటేడు తప్పింది ఆ గైడు చదివే కదా అన్నాను. అదీ నిజమేనన్నాడు. ఇదే సందనుకుని ఆయనకూ ఒక పని అప్పగించాను. రోజూ ఇంట్లో పిల్ల చదువుతుంటే ఊ కొట్టాలి, అంతే.

ఆమె రాసిన ప్రయాణం తాతయ్య ఊరికి కాదు. వాళ్ల నాయనమ్మను రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయిన ప్రయాణం. మొదటిసారి చదివినప్పుడే నాకు నచ్చింది. కాని వారం వారం ఆ వ్యాసం చిక్కిపోసాగింది. ముసలమ్మ రిక్షావాడిని గుంతకొక తిట్టు చొప్పున తిట్టడం పోయింది. దారిలో జామకాయల బేరం పోయింది. ఆసుపత్రిలో ఒక నర్సు ముసలమ్మ జారిన కొప్పు ముడివేసి, ఎదుట గొంతుక్కూర్చుని నొప్పి ఎక్కడని అడగడం కూడా పోయింది. ఆ పిల్ల నర్సు కావాలనుకున్నదే అది చూసి. ఒకనాటికి నా చేతికొచ్చిన వ్యాసంలో మిగిలింది ఇంతే: ఆసుపత్రికి పోయాము, మందులు ఇచ్చారు, తిరిగి వచ్చాము.

ఇదంతా ఎవరు కొట్టేశారని గట్టిగానే అడిగాను. “బాపు ఊ కొడ్తలేడు టీచర్. మంచిగనే మొదలువెడ్తడు, కొంచెం దూరం పోంగనే ఆగిపోతడు” అంది, కళ్లనిండా నీళ్లతో. ఎప్పుడు చదువుతున్నావంటే రాత్రి అన్నాలయ్యాక అంది. ఆయనకు మొదటి షిఫ్టు. కోడి కంటే ముందు లేస్తాడు. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు. ఈ పిల్ల తలెత్తి చూడకుండా, ఊ ఆగిన చోటల్లా నిష్ఠగా కొట్టేస్తోంది. గురకైనా వినబడలేదా అంటే, బాపుకు గురక రాదట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అలసిన మనిషి నిద్రకు ఒక మంచి వ్యాసం బలైపోయింది.

మొదట రాసిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. తండ్రిని సెలవురోజు బడికి పిలిపించాను. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. కూర్చుంటే కన్ను మూతపడుతుందని సిగ్గుపడుతూ చెప్పి, నల్లబల్ల పక్కన నిలబడ్డాడు. పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఆయన వాక్యం వాక్యానికీ వరసగా ఊ కొట్టసాగాడు.

రిక్షా కదిలింది. ముసలమ్మ తిట్లు వచ్చినప్పుడు ఆయన నవ్వాడు. ముసలమ్మను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఆమె బయటికి కాలుపెట్టిన ఆఖరు ప్రయాణం అదే. ఆ తర్వాతి వానాకాలం దాటలేదు. రిక్షా జామకాయల బండి పక్కన ఆగింది. నొప్పితో మెలికలు తిరుగుతూనే ముసలమ్మ జామకాయలు ఏరుతోంది. ఇప్పుడు నీకెందుకవ్వా అని రిక్షావాడు విసుక్కుంటే, నాకు కాదురా, మా పోరడు షిఫ్టు దిగి ఆకలితోటి వస్తడు అంటుంది.

ఊ ఆగిపోయింది.

పిల్ల చెయ్యి అలవాటుగా పెన్సిలు మీదికి పోయింది. ఎందుకో ఈసారి తలెత్తింది. తండ్రి గోడవైపు తిరిగి తువ్వాలు ముఖానికి అదుముకుని ఉన్నాడు. ఆసుపత్రికి పోయిన నాటి సాయంత్రం ఆయన ఆ కాయలు తిన్నాడు గాని, ఎవరు తెచ్చారని అడగలేదట. పిల్ల నా వైపు చూసింది. కొట్టేయవద్దని తల ఊపాను. ఆయన గోడవైపు నుంచే అన్నాడు.

“సదువు బిడ్డా. మేలుకొనే ఉన్న.”

అప్పటినుంచి నా పద్ధతికి ఒక సవరణ వచ్చింది. ఊ ఆగితే ముందు తలెత్తి మనిషి ముఖం చూడాలి. పెన్సిలు ఆ తర్వాతే. హెడ్మాస్టరుగారి గడువు గడిచిపోయింది గాని గైడు తిరిగి రాలేదు. బార్కస్ పిల్లవాడు పొట్టేలు కథ రాసి, ఆయనతోనే ఊ కొట్టించాడు. పబ్లిక్ పరీక్షలో మా పిల్లకు ప్రయాణం రాలేదు, ‘నాకు ఇష్టమైన వృత్తి’ వచ్చింది. ఆమె కొప్పు ముడివేసిన నర్సుతో మొదలుపెట్టి రాసిందట. ఎక్కడో ఏ ఊళ్లోనో దాన్ని దిద్దిన మహానుభావుడు ఊ కొట్టే ఉంటాడు. పేపర్లో ఆమె నంబరు పడింది.

ట్రైనింగులో సీటు వచ్చాక, కూతుర్ని హాస్టల్లో దింపిన మర్నాడు తండ్రి బడికి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎలా ఎక్కించిందీ, గేటు దగ్గర పిల్ల ఎంత ధైర్యంగా లోపలికి పోయిందీ తీరిగ్గా చెప్పుకొచ్చాడు. నేను ఊ కొడుతున్నాను.

“మర్లి వస్తుంటే తొవ్వల జామకాయలు కొన్న టీచరమ్మా. ఇంటికొచ్చి చూస్తే తినేటోళ్లే లేరు” అంటూ చేతిసంచీ బల్ల మీద పెట్టాడు.

నేను ఊ అనలేకపోయాను. ఆయన తలెత్తి నా ముఖంలోకి ఒకసారి చూసి, తర్వాతి సంగతి చెప్పసాగాడు.