రుమాల్ కట్టుకొని చూపించిన ఇల్లు

నిన్న రెజిమెంటల్ బజార్ల ఒక ఇల్లు చూపించిన. ఎట్లుందని మాత్రం నన్నడగొద్దు. చాయ్ తాగుకుంట వినుండ్రి, చెప్త.

పోలీస్ యాక్షన్ అయినప్పటి సంది ఇండ్ల ఏజెంట్ బతుకు ఏం బతుకు. తలుపు కొడితె ఎవ్వరు తీస్తలేరు. కొట్టింది మిలిటరీనా, ఇంకెవరన్ననా అని లోపలోళ్ళకు భయం. నేనేమో బయట నిలవడి "నేనమ్మా, నారాయణను" అని అరుస్తుంట. నారాయణ ఎవడో వాళ్ళకేం ఎరుక.

మొన్న బెజవాడ దిక్కుకెల్లి ఒక టీచరమ్మ వచ్చింది. ఈడ మిషన్ స్కూల్ల కొత్త నౌకరి. ముసలి తల్లిని, నాలుగు ట్రంకు పెట్టెలను స్టేషన్ వెయిటింగ్ రూంల పెట్టింది. "సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారండీ. ఇల్లు దొరక్కపోతే అమ్మని తీసుకుని తిరుగు రైలెక్కడమే" అని నిన్న పొద్దున నా ముందల కండ్లనీళ్ళు పెట్టుకున్నది.

నా దగ్గర ఒక తాళంచెవి ఉండె. ఇంటాయన పాతబస్తీల అన్న దగ్గరికి పోయిండు. "ఇల్లు ఖాళీ, కిరాయికియ్యి" అని చెవి నా చేతిల పెట్టిండు. నేను లోపల చూడనే లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు టీచరమ్మకు అప్పజెప్పిన. కుడిదిక్కు వంటిల్లు, ఎడమదిక్కు రెండు అర్రలు, నడిమిట్ల వాకిలి.

పోయి చూస్తె తలుపుకు తాళమే లేదు. లోపలికెల్లి గొళ్ళెం.

"కౌన్?" అని ఒక ముసలి గొంతు. ఇంటాయన ఖాలా, అంటె చిన్నమ్మ. "వాడు పోయిండు, నేను పోలే. ఇల్లు నా పేరు మీదున్నది" అన్నది ఉర్దూల. గోషా మనిషి, మొగోడు లోపలికి రావొద్దన్నది. సరే, టీచరమ్మ ఒక్కతే వస్తదన్న. ఈమెకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు రాదు. నడుమ మాట చెప్పేటోడు కావాలె గద. అటెన్క ఖాలా అన్నది, "బేటా, నెత్తి రుమాల్ విప్పి కండ్లకు కట్టుకొని రా."

టీచరమ్మనే కట్టింది. బడి పిల్లగాండ్లను అదుపుల పెట్టిన చెయ్యి, ఇంత సందు సుత లేకుంట బిగించింది.

ఇగ షురూ. గోడ పట్టుకొని నడిచిన. "ఇది వంటిల్లు టీచరమ్మా, గాలి మస్తొస్తది."

"నారాయణగారూ, ఇది కోళ్ళ గూడండి."

ఇంటాయన ఏ మొకాన నిలవడి కుడి ఎడమలు చెప్పిండో నాకేం తెలుసు. ఒకదిక్కు అత్తరు వాసన. ఒకదిక్కు ఏదో గలగల మోగుతుంది. కాళ్ళ కింద నున్నటి సల్లని నేల. ఇండ్లు చూసుడే నా పని, ఇంత మంచి ఇంట్ల నిలవడి చూడనీకి లేదు. పానం ఆగలే. ఒక్క వేలుతోని రుమాల్ అంచు జెర లేపిన. ఖాలా దిక్కు కాదు, ఒట్టు, పైకప్పు దిక్కు. కప్పు కనవడలే, కాలు కింద నేల సుత లేకపాయె. వాకిట్ల నీళ్ళ హౌజ్, అంటె పెద్ద తొట్టి, ఉందని ఇంటాయన చెప్పనే లేదు.

దబ్బున పడ్డ. నడుములోతు నీళ్ళు. ముందు ఖాలా నవ్వింది, ఎన్కనే టీచరమ్మ. ఇద్దరికి నవ్వు ఆగుతలేదు. నవ్వుకుంట నవ్వుకుంటనే ఖాలా అన్నది, "నెల సంది ఈ ఇంట్ల నవ్విన చప్పుడు లేదు బేటా. ఒక్కదాన్నే భయంతోని చస్తున్న. రెండర్రలిస్త, ఆమెను ఉండమను."

నీళ్ళల్ల నిలవడే తెలుగుల చెప్పిన.

"అమ్మని ఇప్పుడే తీసుకొస్తానండీ" అన్నది టీచరమ్మ. నేను ఉర్దూల చెప్పకముందే ఖాలా "అచ్ఛా, అచ్ఛా" అన్నది. అప్పట్నుంచి నా అవసరం ఎవ్వరికీ లేకపాయె. చెయ్యి పట్టి తెచ్చి బయట నిలవెట్టిన్రు. రుమాల్ తడి ముడి విప్పుకునేసరికి తలుపు మూసుంది.

పొద్దుగూకకముందే పెట్టెలు చేరినయ్. ఇయ్యాల పొద్దున, కొత్తోళ్ళకు పాలు గిట్ల ఇచ్చి రమ్మని నా పెండ్లాన్ని తోలిన. పాలు వంక, లోపల ఎట్లుందో చూసొస్తదని నా ఆశ. రెండు గంటలైనంక వచ్చింది, నోట్ల పాన్ నములుకుంట.

"ఎట్లుందే ఇల్లు?" అన్న.

నన్ను కిందికి మీదికి చూసింది. "చూపించినోడివి నువ్వే గద, నన్నడుగుతవేంది?"