అక్క చేనుకు తుప్పు తెగులు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన నేను కూడా కంప్యూటర్ కోర్సు చేసి సింగపూర్‌లో ఉద్యోగంలో చేరాను. జహీరాబాద్ దగ్గర మా అక్క నల్లరేగడి చేనులో నీళ్లు పెట్టకుండా, నేల తేమ మీదే గోధుమ పండించేది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వుడ్‌ల్యాండ్స్ మెట్రో స్టేషన్‌లో దిగేసరికి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, గోధుమ ఆకుల మీద ఎర్రటి పొడి లేసింది. ముట్టుకుంటే చేతులకు అంటుతున్నది. చేనంత గట్లనే ఉంది. ఏం మందు కొట్టాలె?"

అది తుప్పు తెగులని వెంటనే అర్థమైంది. గింజ ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"పాలు పోసుకొని గట్టిపడ్తున్నది."

మందు పనిచేసే అదను దాటిపోయింది. "ఇప్పుడు కొట్టినా లాభం లేదక్కా" అన్నాను.

అక్క మెల్లగా అంది. "గట్టు పక్కన నాలుగు మొక్కలకే ఉన్నప్పుడు నీకు ఫోన్ జేసిన తమ్మీ. మీటింగ్‌ల ఉన్న, మళ్ల జేస్త అన్నవ్."

నేను చేయలేదు. ఆ సంగతే మరిచిపోయాను. సరిహద్దు దాటి మలేషియాకు పోయే జొహోర్ బస్సుల కోసం జనం నన్ను రాసుకుంటూ పోతుంటే, ఫోన్ చెవికి పెట్టుకునే గోడ పక్కకు జరిగాను.

ఆ ఏడు గింజలన్నీ ముడుచుకుపోయాయి. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. మరుసటి ఏడు తెగులు తట్టుకునే రకం విత్తింది. ఏ రకమో మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకుందట. నేను చదివిందంతా నాకింకా గుర్తుంది. అక్క మాత్రం నన్ను మళ్లీ ఎప్పుడూ అడగలేదు.