జలుబు రోజున చిక్కటి బీరు

బీరు కాచే ఆమెకు సరిగ్గా ఆ రోజే జలుబు పట్టుకుంది. చలిగదిలో నెలల తరబడి ఊరిన జర్మన్ బాక్ బీరును మధ్యాహ్నానికల్లా పీపాల్లోకి ఎక్కించాలి. మామూలు లాగర్ బీరు కంటే ఘాటైన రకం అది, ఆమె మొదటిసారి కాచింది. రుచి చూద్దామంటే ముక్కు మూసుకుపోయింది. కాలు కాలిన పిల్లిలా ట్యాంకు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పక్కవీధిలో బట్టలు కుడుతున్న భర్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆయన ఒక గుక్క తాగి, "బాగుంది" అన్నాడు.

"మాడిన కూరక్కూడా మీరు ఆ మాటే అంటారు! నిజం చెప్పండి, నాకు కాలు నిలవట్లేదు."

ఈసారి ఆయన కళ్లు మూసుకుని నెమ్మదిగా తాగాడు.

"ముందు కాల్చిన రొట్టె అంచులా ఉంది. తర్వాత కాస్త మాడిన పంచదారలా తియ్యగా తగిలింది. మింగాక గుండెల్లో వెచ్చగా దిగుతోంది. కానీ బరువుగా ఉందే, గబగబా తాగలేం."

"పులుపేమైనా తగిలిందా? తగిలితే పాడైనట్టే."

"లేదు."

ఆమెకు కావలసింది ఆ బరువే. వెంటనే పైపు బిగించి మీట తిప్పింది. అయినా ఒకచోట నిలవలేదు. పీపా నిండినప్పుడల్లా గ్లాసు పట్టుకొచ్చి, "పులుపు లేదన్నారు కదూ?" అని అడుగుతూనే ఉంది. ఆయన కాదనలేక అడిగినప్పుడల్లా ఒక గుక్క తాగి జవాబు చెప్పాడు. ఆఖరి పీపా నిండేసరికి గోడకు చేరగిలబడి నవ్వుతున్నాడు. ఆ పూటకి కుట్టుపని మూలపడింది.