ఓబులేసన్న వేళ్లు

ఈ పొద్దున మా చేనులో, మోటారు గది గోడకు ఆనుకుని కూర్చుని, బేస్ గిటారు తీగలు సవరించుకుంటున్నాను. శబ్దం పెంచే యాంపు కూడా పెట్టలేదు. లావు తీగ మీద చూపుడు వేలు ఆనించానో లేదో, ఇంకా మీటకుండానే వేలు అదిరింది. తీగ కాదు, వేలు. మోటారు ఆపి ఉంది. గాలి లేదు, చేనులో ఒక్క ఆకు కదలడం లేదు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ గదిలోని బోరును నమ్ముకునే నాయన పై చేను కూడా విత్తాలని విత్తనాలు తెచ్చి పెట్టుకున్నాడు. ఆ అదురు ఏమిటో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట దాని సంగతి నాకు చెప్పినవాడు ఓబులేసన్న.

కొత్తచెరువులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఆయనది. అంతకుముందు చాలా ఏళ్లు బెంగళూరులో రాక్ బ్యాండ్లలో బేస్ వాయించాడు. ఎందుకు తిరిగొచ్చావన్నా అని అడిగితే "ఆడి నీళ్లు నాకు పడలేదులే పాపా" అని నవ్వేసేవాడు. మా సీమలో నీళ్లు పడటమంటే ముందు గుర్తొచ్చేది బోరు. ఆ మాటలో నీళ్లు పడని ఒక బోరు కూడా ఉందని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. తొంభైల చివర్లో డిగ్రీ చదివే మేం నలుగురం ఒక బ్యాండు కట్టుకున్నాం. పాడాలని ముగ్గురికి, ముందు నిలబడాలని నలుగురికీ ఉండేది. ఎవరికీ అక్కర్లేని బేస్‌ను ఒక్కగానొక్క ఆడపిల్లనని నాకు అంటగట్టారు. అట్లా ఆదివారాలు ఆయన అంగడి వెనక గదిలో శిష్యురాలినయ్యాను.

నాకు వేళ్లతో మీటడం నేర్పేవాడు. తాను మాత్రం తీగలు మీటే బిళ్ల, పిక్కు, వదిలేవాడు కాదు. ప్లాస్టిక్ నూనె డబ్బా మూత కత్తిరించి చేసుకున్న మందపాటి పిక్కు. ఎప్పుడూ పై నుంచి కిందికే కొట్టేవాడు, కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి ప్రతి స్వరాన్నీ పుట్టిన వెంటనే నొక్కేసేవాడు. రాయి మీద రాయి వేసినట్టు టక్కుటక్కుమనేది. పెద్ద రాక్ వాద్యకారుడి పట్టింపులే అని నేను మురిసిపోయేదాన్ని. ఒకరోజు ఆటపట్టిద్దామని ఆ పిక్కును టీ గ్లాసు కింద దాచేశాను. వెతికి వెతికి, విసుగొచ్చి, రెండు వేళ్లతో ఒక వరుస మీటాడు. అంత గుండ్రటి నాదం నేను అంతవరకూ వినలేదు. ఆయన తీగల్ని అరచేత్తో మూసేశాడు. నాదం ఆగలేదు. మూలన నిలబెట్టిన ఇనుప పైపు ఒకటి తనంతట తాను మూలుగుతూనే ఉంది. ఆయన ముఖం పాలిపోయింది.

"పిక్కు ఇయ్యి పాపా. దాంతో ఆటలొద్దు."

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నన్ను సోమందేపల్లె అవతల ఒక తాళం వేసిన ఇంటికి తీసుకెళ్లాడు. వాకిట్లో బోరు పైపు, దాని మూతి మీద బండరాయి. ఆయన తండ్రి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడట. కాయ లేచి నిలబడిన చోట బోరు వేసేవాళ్లు. తండ్రి పోయాక జనం ఆ కాయను కొడుకు చేతిలో పెట్టారు. ఈ ఇంటాయన చివరి బోరుకు చోటు చూపించింది ఓబులేసన్నే. పొడి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ ఇంటివాళ్లు పిల్లాపాపలతో ఊరొదిలి వెళ్లిపోయారు.

ఆయన బండ పక్కకు జరిపి, గిటారు తలను పైపుకు ఆనించి, లావు తీగను వేలితో ఒక్కసారి మీటి, వెంటనే మూసేశాడు. కాసేపటికి, మేం ఇక ఏమీ లేదనుకున్నాక, కింది నుంచి అదే స్వరం తిరిగి వచ్చింది. నేను పైపు దగ్గర్నుంచి వెనక్కి జరిగాను.

"నా వేళ్లు అదిరేది నీళ్లకు కాదు పాపా, ఖాళీకి" అన్నాడు. "ఈడ చోటు చూపినప్పుడే నాకు అనుమానముండె. ఆయప్ప ఆశగా నా మొగమే చూస్తాండాడు. లేదని చెప్పలేకపోతి." పిక్కు పట్టుకుంటే వేలికీ తీగకూ నడుమ ప్లాస్టిక్ ఉంటుంది. ఆయన వాయించే తీరు అంతా ఆ ఒక్క అబద్ధం నుంచి దాక్కోవడమేనని అప్పుడర్థమైంది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ కలిగింది.

తర్వాత ఏడాది మా బోరు ఎండింది. ఇంకొక్కటి వేసి చూడాలి, అదీ పోతే మేమూ ఇంటికి తాళం వేయాలి. నాయన అంగడికి వెళ్లి "ఏమప్పా ఓబులేసూ, ఒక తూరి వచ్చి చూడు" అని బతిమాలాడు. ఆయన వచ్చాడు. పిక్కు నా చేతిలో పెట్టి, గిటారును నేలకు ఆనించి, తీగ మీద వేళ్లు పెట్టి చేనంతా తిరిగాడు. అడుగడుగునా చెయ్యి వణికింది. ఈశాన్య మూలలో ఆగింది.

"ఈడ నా చెయ్యి ఊరికే ఉండాది అన్నా. నీళ్లుండాయని చెప్పను. ఖాళీ లేదని మాత్రం చెప్తా."

అక్కడ రెండించుల నీళ్లు పడ్డాయి. ఈ మోటారు గదిలో ఉన్నది ఆ బోరే. చూడటానికి ఆయన రాలేదు. పిక్కు తిరిగి ఇవ్వబోతే "నాకింక దాంతో పని లేదు, నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. పోయేదాకా వేళ్లతోనే వాయించాడు.

"ఏం పాపా, ఆపేస్తివి?" ఈ పొద్దున, మోటారు గది దగ్గరికి చెంబుతో నాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆశగా నా ముఖమే చూస్తున్నాడు. గిటారు సంచిలో పిక్కు ఉంది. సంచి వైపు చెయ్యి వెళ్లింది కూడా. వెనక్కి తీసుకుని, లావు తీగ మీద మళ్లీ వేలు పెట్టాను. అదిరింది. మీటనే లేదు, గది లోపల బోరు పైపు సన్నగా మూలిగింది.

"పై చేను విత్తొద్దు నాయనా. అడుగున ఖాళీ అయితాండాది."

నాయన చెంబు కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకెన్ని దినాలుంటాది?"

"తెలీదు నాయనా. వేలికి తెలిసినంతే చెప్తాండా."