తాళం తీసినా ఆగని బండి

నా చిన్నప్పుడు మా మేనమామకు ఒక ఫట్‌ఫటి ఉండేది. మోటారు సైకిల్‌ను మా బాల్కొండ దిక్కు అప్పట్లో అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. ఆయన బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఏ ఊళ్లో ఇంజన్ మొరాయించినా పనిముట్ల పెట్టెను వెనుక సీటుకు కట్టుకుని ఆ బండి మీదే పోయేవాడు. బావి ఇంజన్‌కు చల్లబడడానికి నీళ్ల తొట్టి ఉంటుంది. ఈ బండికి అది లేదు. దాని ఇంజన్ చుట్టూ లోహపు రెక్కలు పొరలు పొరలుగా ఉండేవి. బండి పోతుంటే ఎదురుగాలి ఆ రెక్కల సందుల్లో దూరి వేడిని లాక్కుపోయేది. బండి ఆగితే ఆ గాలీ ఆగిపోయేది. దీనికి ఉరుకుడే నీడ అనేవాడు మామ.

మా ఊరి బడి ఐదో తరగతితో అయిపోయింది. ఆపైన చదవాలంటే ఆర్మూర్‌లోని పెద్ద బడికి పోవాలి, అక్కడ చేరడానికి ఒక పరీక్ష రాయాలి. ఆడపిల్లకు ఇంతవరకు చాలన్నాడు మా నాయన. మామ చాలా రోజులు వెంటపడి ఆయనను ఒప్పించాడు. రాస్తే ఈ ఒక్కసారే రాయాలి, మళ్లీ ఆ మాట ఎత్తొద్దని నాయన ముందే తేల్చి చెప్పాడు. నాకు చదువంటే లెక్కలే. పెద్ద బడిలో అంకెల బదులు అక్షరాలు పెట్టి లెక్కలు చేస్తారని ఎవరో చెప్పగా విన్నాను. అది ఎట్లా సాధ్యమో చూడకుండా ఉండలేననిపించేది.

పరీక్ష మధ్యాహ్నం. ఆ రోజు పొద్దుటి బస్సు అంగడి జనంతో నిండిపోయి మా ఊళ్లో ఆగకుండానే వెళ్లిపోయింది. ఇక ఫట్‌ఫటి తప్ప దారి లేదు. వడదెబ్బ తగలకుండా అమ్మమ్మ నా లంగా కొసన ఒక ఉల్లిగడ్డ కట్టింది. మిట్టమధ్యాహ్నం వెనుక నుంచి ఎవరు పిలిచినా పలకొద్దని కూడా చెప్పింది. ఆ ఏళకు తిరిగేటియన్నీ మనుషులే కావని ఆమె నమ్మకం. మామ నవ్వి, ఫట్‌ఫటి సప్పుడుకు దయ్యం పిలిచినా ఇనబడదులే అమ్మా అన్నట్టు ఆమె చెవి దగ్గర హారన్ కొట్టి తిట్లు తిన్నాడు.

వెనుక పెట్టె ఉండడంతో నన్ను ముందు, పెట్రోలు ట్యాంకు మీద గోనెసంచి మడిచి కూర్చోబెట్టాడు. దారి పొడుగునా ఎక్కాలు అడుగుతూ వచ్చాడు. నాకు పదహారో ఎక్కం దాకా వచ్చు. ఆ సంగతి మామకు తెలుసు, ఎందుకంటే నేర్పింది ఆయనే. గాలి ముఖానికి కొడుతున్నంతసేపు ఎండ తెలియలేదు. తల మాత్రం నొస్తున్నది. చెబితే వెనక్కి తిప్పుతాడేమోనని చెప్పలేదు.

ఆర్మూర్‌లో అడుగుపెట్టగానే బండి నిలబడాల్సి వచ్చింది. అది పసుపు అంగడి కాలం. రెండు ఎడ్లబండ్ల చక్రాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. వాటి వెనుక బండ్లు, బండ్ల వెనుక లారీలు, ఎటు చూసినా పసుపు బస్తాలే. ఊరి మీది గుట్టల నల్లరాళ్లు ఎండను తాగి సెగను మా మీదికి ఊదుతున్నాయి. మామ ఒక్కో మూర ముందుకు జరుపుతూ, ఆగుతూ, మళ్లీ జరుపుతూ పోయాడు. కాళ్ల కింద ఇంజన్ పొయ్యిలాగా ఉంది. బండ్లకు అవతల పెద్ద బడి పెంకులు కనిపిస్తున్నాయి.

"ఇగ చాలు, ఆపు కోడలా. నోరెండుతది," అన్నాడు మామ. నేను ఎక్కం ఆపాను. ఆపాననే ఇవాళ్టికీ నా మనసుకు తెలుసు.

అప్పుడే బాటకు రెండు పక్కలా నిలబడినవాళ్లను చూశాను. వాళ్ల ముఖాలు, చేతులు, పాదాలు అన్నీ పసుపు. నోళ్లకు గుడ్డలు కట్టి ఉన్నాయి. ఎవరూ మాట్లాడడం లేదు, మా వైపే చూస్తున్నారు. అట్లా పసుపు పూసిన ముఖాన్ని నేను అంతకుముందు ఒక్కసారే చూశాను. మా చిన్నమ్మమ్మ పోయినప్పుడు, స్నానం చేయించి వాకిట్లో కూర్చోబెట్టినప్పుడు. బండ్ల చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగున ఉన్నట్టు వినిపించింది. ఇంత ఎండలోనూ నాకు చలేసింది.

మామ వెనుక నుంచి ఒక ఆడపిల్ల గొంతు మొదలైంది. ఎక్కం చదువుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. పందొమ్మిదొకట్ల పందొమ్మిది. పందొమ్మిది రెండ్ల ముప్పై ఎనిమిది. పందొమ్మిది మూళ్ల యాభై ఏడు.

అమ్మమ్మ మాట గుర్తొచ్చి పలకలేదు. కానీ చూడకుండా ఉండలేక మామ చంక పక్కనుంచి వంగి చూశాను. వెనుక సీటు మీద పనిముట్ల పెట్టె ఉంది, దాని తాడు ఉంది. ఇంకెవరూ లేరు. గొంతు మాత్రం ఆగలేదు.

ఇంజన్ మరీ కాలిపోతోందని మామ తాళం తిప్పి బయటికి తీశాడు. బండి ఆగలేదు. తాళంచెవి ఆయన అరచేతిలో ఉంది, ఇంజన్ గడగడమని కొట్టుకుంటూనే ఉంది. బండి తోలే మనిషి వద్దన్నాక దాన్ని ఇంకెవరో నడుపుతున్నట్టుగా ఉంది. పక్క బండి రైతు ముఖం పాలిపోయింది.

"ఏందే అన్నా, తాళం తీసినా ఉరుకుతున్నది! ఎవరన్న ఎక్కిండ్రా దాని మీద?" అన్నాడు.

మామ నా వైపు చూస్తున్నాడు. ఆయన చూపు నా పెదవుల మీద ఆగి ఉంది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు, ఇంజన్ రెక్కలు తాకినప్పుడు తీసేసినట్టు.

"ఆపమన్న గదనే కోడలా," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

గేరు వేసి, బ్రేకు తొక్కి పట్టి, క్లచ్చి ఒక్కసారిగా వదిలాడు. బండి ఎగిరిపడి చచ్చినట్టు ఆగిపోయింది. ఇంజన్ మీద కుమ్మరించమని ఎవరో కుండెడు నీళ్లు తెచ్చారు. పగుల్తది వద్దంటూ ఆ కుండను లాక్కుని, తన తలరుమాలు అందులో ముంచి నాకు చుట్టాడు. నన్ను ఎత్తుకుని ఒకసారి బడి వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. నడిచిపోతే ఎక్కువ దూరం లేదు. పరీక్ష వేళ కూడా ఇంకా మించలేదు.

"ఓ ఫట్‌ఫటి దొరా! బండిని తర్వాత సల్లార్చుకుందువు గని, పొల్లనిటు దే!" అని కేకేసింది పసుపు ముఖాల్లో ఒకామె, నోటి గుడ్డ కిందికి లాగి. చచ్చినవాళ్లకు అంత గొంతు ఉండదని అప్పుడు నాకు అర్థమైంది. వాళ్లు పసుపు చెరిగే ఆడవాళ్లు. రేకుల కింద నీడలో నన్ను పడుకోబెట్టి, చుట్టూ కూర్చుని చేటలతో విసిరారు. తడి గుడ్డ మీదుగా గాలి, మళ్లీ తడి, మళ్లీ గాలి. ఒకామె నా లంగా కొస ముడి విప్పి ఉల్లిగడ్డను చూసి, ఇది పొయ్యిల పెట్టినట్టే మెత్తబడ్డదే అంది.

అల్లంత దూరంలో బడి గంట కొట్టారు. నేను లేవబోయాను. మామ నా భుజం మీద చెయ్యి వేసి అదిమాడు.

"పరీక్ష మల్ల అస్తది, బిడ్డా."

నేను ఏడ్చాను. కన్నీళ్లు కారేసరికి ఆ ఆడవాళ్లంతా సంతోషించారు, ఒంట్లో నీరు ఆడుతోందని. బయట ఫట్‌ఫటి చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటూ మామ మెల్లగా చెప్పాడు. ఇంజన్ లోపల పేరుకున్న మసి బొగ్గులాగా ఎర్రబడితే, ఇక దానికి తాళంతో పని ఉండదట. ఆ నిప్పుతోనే అది మండుతూ పోతుందట. "తాళం తీసినంక ఉరికే బండిని సూసి బలమున్నదనుకోవద్దు కోడలా. లోపల కాలుతున్నదని ఎరుక పట్టాలె."

పరీక్ష మళ్లీ వచ్చింది, నాయన మాత్రం తన మాట మీదే ఉన్నాడు. పెద్ద బడి పెంకులు తప్ప లోపల ఏముందో నేను చూడలేదు. దానికి బదులుగా మామ పాత పుస్తకాల దుకాణంలో దొరికిన లెక్కల పుస్తకమల్లా తెచ్చి నా ముందు పడేసేవాడు. అక్షరాలతో లెక్కలు ఎట్లా చేస్తారో దీపం పెట్టే వేళకు వంటింటి గడప మీద కూర్చుని నేనే కనుక్కున్నాను. ఇవాళ మా చుట్టుపక్కల ఎవరు భూమి పంచుకున్నా కొలతల లెక్క నా దగ్గరికే తెస్తారు.

మొదటిసారి పందొమ్మిదో ఎక్కం నేర్చుకోబోయినప్పుడు నాకు నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజు విన్నది ఒక్క అంకె తేడా లేకుండా అదే.

కొన్నేళ్లకు మామ ఆ బండి ఇంజన్ విప్పి మసి గీకుతుంటే పక్కన కూర్చుని అడిగాను. నాకు వడదెబ్బ తగిలిందని నుదురు కాలుతుంటేనే కదా కనుక్కున్నావని.

"కాదు. సెయ్యి పెట్టింది తర్వాత. నువ్వు పందొమ్మిది సదువుతున్నవు, ఒక్కటి తప్పు పోతలేదు. నీకు పందొమ్మిది రాదని నాకెరుకే గద. గప్పుడు భయమైంది నాకు."

"చదివింది నేను కాదు మామా. నీ వెనుక నుంచి వినబడింది."

ఆయన గీకడం ఆపాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మసి పోయాక కూడా చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నేను లెక్కల మనిషిని. ఏ బడిలోనో ఎవరో చదువుతుంటే చెవిన పడి ఉంటుంది, ఎండదెబ్బకు పైకి తేలి ఉంటుందని సర్దిచెప్పుకుంటాను. ఆ లెక్క దాదాపు సరిపోతుంది. మామ చెప్పిన మాట మాత్రం పూర్తిగా సరిపోయింది. ఒక ఏడు మా ఆయన పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర, రమ్మని ఎంత పిలిచినా రాకుండా, హుషారుగా మాట్లాడుతూ మంట ఎగదోస్తున్నాడు. కూలివాళ్లు ఆయన ఓపికను మెచ్చుకుంటున్నారు. నేను పోయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తిడుతున్నా వినకుండా నీడకు లాక్కొచ్చాను. ఆ సాయంత్రం దాకా ఆయనకు నేనెవరో తెలియలేదు.

ఇప్పటికీ లెక్కలన్నీ నోటితోనే చేస్తాను, కాగితం అడగను. పందొమ్మిదితో హెచ్చించాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకుని కాగితం మీద వేసుకుంటాను. ఎండాకాలమైతే, వేసే ముందు ఒకసారి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటాను.