వెలుగు వెళ్ళేదెంతసేపు, వచ్చేదెంతసేపు

ఆ రోజుల్లో పుస్తకంలో అచ్చయినదల్లా నిజమేనని నా నమ్మకం (అచ్చుతప్పులతో సహా). ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరి, హాస్టల్లో చోటు దొరక్క, తార్నాకలో ఒక మేడమీద గదిలో దిగాను. ఇంటి ఓనరు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. నేను సాపేక్షత మీద సెమినార్ ఇవ్వబోతున్నానని తెలిసి, ఒక సాయంత్రం మెట్ల మీదే నన్ను ఆపేశారు.

"అబ్బాయ్, నేను కాచిగూడ వెళ్ళి రావడానికి గంట పట్టింది. వెళ్ళడానికి అరగంటే పట్టిందని నువ్వెలా చెబుతావు?"

చెప్పలేనన్నాను. వెలుగూ అంతేనట. అద్దం దాకా వెళ్ళి తిరిగొచ్చే వేగాన్నే మనవాళ్ళు కొలిచారు, ఒక్క వెళ్ళే వేగాన్ని విడిగా ఎవరూ కొలవలేదు. వెళ్ళేటప్పుడు నింపాదిగా వెళ్ళి, వచ్చేటప్పుడు క్షణమైనా పట్టకుండా వచ్చేస్తుందేమో ఎవరు చూశారని ఆయన వాదన.

పెద్దాయన కదా అని నవ్వేసి, గదిలోకొచ్చి, అది తప్పని తేల్చడానికి కాగితం తీశాను. అటు చివర ఒక గడియారం పెడితే సరి. కానీ అది ఇక్కడి గడియారంతో కలిసిందో లేదో తెలియాలంటే వెలుగునే పంపాలి. ఆ వెలుగు ఎంతసేపట్లో చేరిందో తెలియాలంటే గడియారాలు ముందే కలిసి ఉండాలి. పోనీ, రెండూ ఇక్కడే కలిపి ఒకదాన్ని మోసుకెళ్దామంటే, మోసుకెళ్ళే గడియారం నెమ్మదిస్తుందని నా సెమినార్‌లోనే ఉంది. (మీకు తల తిరుగుతుంటే క్షమించండి. నాకు వారమంతా తిరిగింది.)

సెమినార్ చెడితే ఫెలోషిప్ పొడిగింపు కష్టమని మా గైడ్ మేడమ్ ముందే హెచ్చరించారు. తీరా బోర్డు ముందు నిలబడి, వెలుగు వేగం రెండువైపులా ఒకటే అని రాయబోయి ఆగిపోయాను. హాలంతా నన్నే చూస్తోంది. గత్యంతరం లేక ఓనరు గారి వాదన మొత్తం ఒప్పజెప్పి, "ఏది నిజమో నాకు సమజైతలేదు మేడమ్" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. అది పాత చిక్కేనని, ఎలా అనుకున్నా ప్రయోగాల ఫలితం మారదని అందరికీ వివరించి, నా వైపు తిరిగారు. "రెండు దిక్కులా ఒకటే అనుకుంటే లెక్క సులువైతది, గంతే. నిజం సంగతి తర్వాత చూద్దాం, కూసో."

ఫెలోషిప్ నిలిచింది. మనశ్శాంతి పోయింది. అయినా ఆయన మాట గెలిచిందని చెబుదామని స్వీట్ల ప్యాకెట్‌తో ఓనరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పేపరు మడిచి, బాగా ఆలోచిస్తే తనదే పొరపాటని తేలిందని, వెలుగు అటూ ఇటూ ఒకే వేగంతో వెళ్తుందని తాపీగా సెలవిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. "గట్లెట్ల అంటరు అంకుల్" అని, ఆయన పాత వాదనంతా ఆయన మీదికే తిప్పి, ఆంటీ వచ్చి అన్నం చల్లారిపోతోందని పిలిచేదాకా పోట్లాడాను.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఆ పాఠం నేనే చెబుతున్నాను, ఎక్కడా తడబడకుండా. అర్థమై కాదు, అలవాటై. ఎప్పుడైనా తార్నాక మీదుగా వెళ్తుంటే, వెలుగు కోసం అన్నం సయించక తిరిగిన ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి ఏమీ తెలియదు పాపం. అయినా ఒక్క సాయంత్రం వాడితో కూర్చుని వాదించాలనిపిస్తుంది.